కేట్ ఓబ్రయన్ నవలల్లో ప్రేమకు అడ్డు వచ్చేది విశ్వాసం కాదు

"ఐర్లండ్ రచయిత్రి కేట్ ఓబ్రయన్ నవలల్లో ఎప్పుడూ మతవిశ్వాసం గెలిచి ప్రేమ ఓడిపోతుందంటారు, నిజమేనా? ఆమెను ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు: కాదు. ఆమెను చదవకుండా అట్ట వెనక రాతతో సరిపెట్టుకున్నవాళ్లు ప్రచారం చేసిన మాట ఇది. ఐర్లండ్ నవల అనగానే ఒక కోపిష్ఠి ఫాదర్, భయపడే ఆడపిల్ల, మధ్యలో నరకం అని ముందే అనుకుని పుస్తకం తెరుస్తారు. అనుకున్నదే కనిపిస్తుంది మరి! నేను పుట్టుకతో కతోలికురాలిని, గుంటూరు వైపు పల్లెలో పెరిగాను, ఇప్పుడు ఐర్లండ్‌లోని లిమెరిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఓబ్రయన్ 1897లో పుట్టింది ఈ ఊళ్లోనే. తన నవలల్లో ఈ ఊరికి మెలిక్ అని పేరు పెట్టింది. కాబట్టి ఈ విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను.

1934లో వచ్చిన 'ద యాంటీ రూమ్' చూడండి. కథాకాలం 1880, నడిచేది మూడంటే మూడు రోజులు: నవంబర్ ఒకటిన వచ్చే సకల పునీతుల పండుగ ముందు రోజు, ఆ పండుగ, ఆ మర్నాడు మృతుల పండుగ. పెద్దింట్లో తల్లి థెరీసా క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉంది. ఓబ్రయన్ తల్లి కూడా క్యాన్సర్‌తోనే పోయింది, అప్పటికి ఆమెకు అయిదేళ్లు. ఆ రోగి గది గురించి ఆమె రాసింది చదువుతుంటే, రాత్రి డ్యూటీలో అలాంటి గదుల్లో గడిపిన నాకే ఊపిరి ఆడలేదు. ఆ తల్లికి చావు భయం లేదు, రోగిష్టి కొడుకు ఏమైపోతాడోనన్న బెంగతో ప్రాణం పట్టుకుని ఉంది. ఇంటి భారమంతా చిన్న కూతురు ఆగ్నెస్ మీద. ఆగ్నెస్ ప్రేమించింది సొంత అక్క భర్త విన్సెంట్‌ను.

పండుగ పూజలో దివ్యసత్ప్రసాదం (పవిత్రమైన అప్పం) తీసుకోవాలంటే ముందు పాపసంకీర్తనం చేయాలి, అంటే చర్చిలోని చిన్న చెక్కగదిలో ఫాదర్‌కు రహస్యంగా పాపాలు చెప్పుకోవాలి. ఆగ్నెస్ వెళుతుంది. ఆ నవలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఇంట్లో ఎవరితోనూ, ఆఖరికి ప్రాణంలాంటి అక్కతో కూడా అనలేని మాటను ఆ పిల్ల పైకి అనగలిగిన ఒకే ఒక్క చోటు ఆ చిన్న చెక్కగది. చర్చి ఆమె నోరు నొక్కిందనే విమర్శకులు ఈ సంగతి ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. అక్కడ మోకరించి చెప్పుకున్నాకే తన ప్రేమ ఎంత పెద్దదో ఆమెకు తెలిసింది.

నాకు ఇది ఇంత బాగా తెలియడానికి కారణం మా అక్క, అంటే మా పెదనాన్నగారి అమ్మాయి. మా ఊళ్లో నవంబర్ రెండున సమాధుల పండుగ. ఆ వారమంతా సమాధులకు సున్నాలు వేస్తారు, బంతిపూలు కడతారు, సాయంత్రం కొవ్వొత్తులు, అగరువత్తులు వెలిగిస్తారు. ఫాదర్ వరసగా ఒక్కో సమాధి దగ్గర ప్రార్థన చేసి తీర్థం చల్లుకుంటూ వస్తారు. శ్మశానం మధ్యలో ఒక బండిబాట ఉంది. ఇటు మా కులం వాళ్ల సమాధులు, అటు మాలపల్లె వాళ్లవి. అందరిదీ ఒకటే చర్చి, ఒకటే బలిపీఠం, అందరి మెడల్లోనూ అవే జపమాలలు. చచ్చాక మాత్రం మధ్యలో బాట.

అక్క ఇష్టపడిన అబ్బాయి అటువైపు వాడు. చదువుకున్నాడు, టీచరు ఉద్యోగం వచ్చింది, చర్చిలో పాటలు పాడేది కూడా అతనే. ఆ ఏడు ఎండాకాలంలో వాళ్లమ్మ చనిపోయింది. మట్టి దిబ్బ ఇంకా కుంగలేదు, పైన చెక్క సిలువ, దాని మీద తారుతో రాసిన పేరు. మా తాతయ్య సమాధి దగ్గర ఫాదర్ ప్రార్థన ముగించి అటు తిరిగారు. అక్క నానమ్మ చేతిలోని కొవ్వొత్తుల కట్ట అడగకుండానే తీసుకుంది, బాట దాటింది, ఊరంతా చూస్తుండగా ఆ మట్టి దిబ్బ ముందు మోకరించి కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మైనం వేళ్ల మీద కారుతున్నా చెయ్యి తీయలేదు. ఫాదర్ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. "దేవుడు ఒప్పుకోడే తల్లీ" అని నానమ్మ ఏడుపు. అక్క అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నిన్ననే పాపసంకీర్తనంలో చెప్పాను నానమ్మా. ఇందులో పాపమేమీ లేదన్నారు ఫాదర్. ఒప్పుకోనిది మీరు. దానికి దేవుడి పేరు ఎందుకు పెడతారు?" పెళ్లి తర్వాత వేరే ఊరి చర్చిలో జరిగింది, పెదనాన్న రాలేదు. దివ్యసత్ప్రసాదానికి అందరికన్నా ముందు నిలబడే మనిషి ఆయన! కన్నకూతురి పెళ్లి పూజకు రాలేకపోయాడంటే, దాన్ని భక్తి అనడానికి నా మనసు ఒప్పదు.

అందుకే చెబుతున్నాను, ఓబ్రయన్ పుస్తకాల్లోనూ అడ్డు వచ్చేది ఇల్లే. ఆగ్నెస్ విన్సెంట్‌ను కాదన్నది నరకానికి జడిసి కాదు, అక్క మారీ రోజ్ మీద ప్రేమతో. అంటే ఒక ప్రేమకు ఇంకో ప్రేమ అడ్డు. విన్సెంట్ అది తట్టుకోలేక తుపాకీ అందుకుంటాడు. ముగింపు చెప్పేశానని కోపగించుకోకండి, తెలిసి చదివినా ఆ చివరి పేజీలు మిమ్మల్ని వదలవు.

ఇక 1941 నాటి 'ద ల్యాండ్ ఆఫ్ స్పైసెస్' సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఒక కాన్వెంటుకు పెద్ద అయిన మఠకన్య హెలెన్ ఆత్మను అంత దగ్గరగా, అంత మర్యాదగా చూపిన నవల మరొకటి నేను చదవలేదు. దాన్ని ఐర్లండ్ సెన్సార్ బోర్డు నిషేధించింది. కారణం ఒకే ఒక్క వాక్యం. ఆ హెలెన్ చిన్న వయసులో తన తండ్రినీ ఎటియెన్ అనే యువకుడినీ ప్రేమ కౌగిలిలో చూసింది, అంతే, అంతకుమించి అందులో ఏమీ లేదు. 1942లో సెనేటర్ సర్ జాన్ కీన్ ఈ విషయం సెనేట్‌లో లేవదీసి సెన్సార్ తీరును ఎండగట్టాడు. అయినా 1949 దాకా నిషేధం పోలేదు. దేవుడి మీద ప్రేమ గురించి రాసిన పుస్తకాన్ని, మతాన్ని కాపాడుతున్నామనుకుంటూ జనానికి దూరం చేశారు.

ఆ వాక్యం తీసేస్తే నవలే లేదు. దేవుణ్ణి వెతుక్కుంటూ మఠంలో చేరలేదు హెలెన్. ఆరాధించిన తండ్రి మీద అసహ్యంతో పారిపోయి వచ్చింది. ఆ పారిపోవడం నిజమైన విశ్వాసంగా మారడానికి ఏళ్లు పట్టింది. ఆ కాన్వెంటులో చదివే ఆరేళ్ల ఆనా అనే పిల్ల ఒక పాత పద్యం అప్పజెప్పినప్పుడు ఆ గడ్డకట్టిన మనసు కదులుతుంది, ఎందుకంటే అది తండ్రి ప్రేమించిన పదిహేడో శతాబ్దపు కవుల పద్యం. తండ్రిని క్షమించడం, దేవుణ్ణి ప్రేమించడం ఆమెకు ఒకేసారి చేతనవుతాయి. తర్వాత అదే ఆనాకు యూనివర్సిటీ స్కాలర్‌షిప్ వస్తే, వద్దన్నది చర్చి కాదు, డబ్బున్న అమ్మమ్మ. పిల్ల తరఫున పోరాడింది మఠకన్య హెలెన్. ఇక్కడా అదే కథ కదా!

ఓబ్రయన్ సొంతంగా విశ్వాసానికి దూరమైందనీ, పెళ్లి ఏడాది కూడా నిలవలేదనీ, తర్వాతి జీవితం స్త్రీలతోనే పంచుకుందనీ చెప్పి, నవలల్లోని భక్తి అంతా పైపూత అని తేల్చే వ్యాసాలు చాలా ఉన్నాయి. నేను ఒప్పుకోను. అయిదేళ్లకే తల్లి పోయిన పిల్లను లారెల్ హిల్ కాన్వెంటు మఠకన్యలు పెంచి పెద్దచేశారు. తనకు లేని విశ్వాసాన్ని ఇతరుల్లో చూసి గౌరవించడం ఆమెకు అక్కడే అబ్బిందని నా గట్టి నమ్మకం.

రెండో ప్రశ్నకు జవాబు: 'ద యాంటీ రూమ్'తో మొదలుపెట్టండి, వీలైతే నవంబర్ మొదటి వారంలోనే. తర్వాత 'ద ల్యాండ్ ఆఫ్ స్పైసెస్', మొదటి యాభై పేజీలు నెమ్మదిగా సాగినా వదలొద్దు. 1936లో వచ్చిన 'మేరీ లవెల్' మూడోది, దాన్నీ నిషేధించారు. స్పెయిన్‌లో పంతులమ్మగా వెళ్లిన ఐరిష్ అమ్మాయి, పెళ్లయిన యువకుడి ప్రేమ అని అందరూ ఆ జంట గురించే మాట్లాడతారు. మీరు మాత్రం అగాథా కాన్లన్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. రోజూ చర్చికి వెళ్లే ఆ ఒంటరి పంతులమ్మ, మేరీని ప్రేమిస్తున్నానని మేరీతోనే చెబుతుంది. ఆ పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన ధైర్యం ఆమెదే.