మొదటి సంక్రాంతి సారె: కొట్లో కొనాలా, ఇంట్లో వండాలా?

ప్రశ్న: మా అమ్మాయికి మొన్న వైశాఖంలో పెళ్లి చేశాం. మొదటి సంక్రాంతికి వియ్యాలవారికి సారె పంపాలి. అరిసెలు, జంతికలు, సున్నుండలు ఐదేసి కిలోలు వాళ్లకి, రెండేసి కిలోలు మా ఇంట్లోకి కావాలి. మిఠాయి కొట్లో కిలో అరిసెలు 420, జంతికలు 340, సున్నుండలు 600 రూపాయలు చెప్పారు. క్రెడిట్ కార్డు మీద కొనేద్దామంటున్నారు మావారు. ఆ కార్డులో పెళ్లినాటి బాకీ 26,000 ఉంది. నెలనెలా కనీస మొత్తం 1,300 కడుతున్నాం. బ్యాంకు ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) 32,000 చేరింది, గడువు ఇంకో ఏడాది ఉంది. పక్కింటావిడేమో నెలకు 500 కడితే వచ్చే ఏడు సరుకులిస్తారంటూ పండగ చీటీలో చేరమంటున్నారు. ఇంట్లో వండితే నిజంగా మిగులుతుందా?

జవాబు: మిగులుతుంది. అయితే ఆ మిగులు మీ చేతిలో నిలవాలంటే ముందు కార్డు సంగతి తేల్చాలి.

ఏడేసి కిలోలకు కొట్టు లెక్క 9,520 రూపాయలు. ఇంటి లెక్కకు బియ్యం కిలో 50, బెల్లం 60, మినప్పప్పు 130, నెయ్యి 700, నూనె లీటరు 150 వేశాను. మీ ఊరి ధరలు వేరైతే మార్చుకోండి.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పడితే సుమారు రెండు కిలోల అరిసెలు వస్తాయి. ఏడు కిలోలకు మూడున్నర కిలోల బియ్యం, రెండు ముప్పావు కిలోల బెల్లం, లీటరు నూనె, నెయ్యి, నువ్వులు, మర కూలి కలిపి 730. జంతికలకు నాలుగు వంతుల బియ్యానికి ఒక వంతు వేయించిన మినప్పప్పు. వెన్న, వాము, నువ్వులు, నూనెతో 915. సున్నుండలకు 1,500 అవుతుంది, అందులో 875 ఒక్క నెయ్యికే పోతుంది. మొత్తం 3,145. గ్యాసుకు 300, మూకుట్లో మిగిలిపోయే నూనెకు 200, చెయ్యి తిరిగిన వంటావిడకు రెండు రోజుల కూలి 1,600 కలిపినా 5,250 దాటదు. కొట్టు ధరతో పోలిస్తే 4,270 తేడా.

ఇప్పుడు కార్డు చూడండి. వడ్డీ నెలకు 3.5 శాతం అయితే 26,000 మీద 910, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి 1,074. మీరు కట్టే 1,300లో అసలుకు జమయ్యేది 226 మాత్రమే. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి మిగిల్చిన 4,270ని ఆ కార్డు నాలుగు నెలల్లో తినేస్తుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోలుకు వడ్డీలేని గడువు వర్తించదు. మిఠాయి బిల్లు మీద కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అందుకని ఆర్‌డీని గడువుకు ముందే మూసేయండి. ఒక శాతం దాకా వడ్డీ కోసినా ఫర్వాలేదు. ఏడు శాతం తెచ్చే డబ్బును దాచుకుని, ఏడాదికి 42 శాతం వడ్డీ కట్టడం మీ కుటుంబానికి తగదు. 32,000లో 26,000 కార్డుకు పోతే సుమారు 6,000 మిగులుతుంది. ఇంటి వంటకు 5,250 అందులోంచే వస్తుంది, కొట్లో కొంటే చాలదు. ఇంట్లో వండమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇంకో సర్దుబాటు ఉంది. సారె పంచేటప్పుడు ఎవరూ తూకం వెయ్యరు, ఇంటికి రెండేసి చొప్పున లెక్కపెట్టి ఇస్తారు. అరిసె 50 గ్రాములైతే నూటొకటి ఐదు కిలోలకు సరిపోతాయి. సున్నుండ 30 గ్రాములే కాబట్టి నూటొకటికి మూడు కిలోలు చాలు. అంటే వియ్యాలవారికి రెండు కిలోలు తగ్గించినా సారెకు లోటు కనబడదు, మీకు 430 దాకా కలిసొస్తుంది.

కూలి ఇచ్చి మనిషిని పెట్టుకోమన్నది అరిసెల కోసమే. డబ్బు పాడయ్యేది అక్కడే. బియ్యం ఒక రాత్రంతా నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద తడి కాస్త లాగేదాకా ఆరబెట్టి, ఆ చెమ్మ ఉండగానే తడిపిండి మరలో పట్టించాలి. జల్లించిన పిండిని ఆరిపోకుండా నొక్కి, మూతపెట్టి ఉంచాలి. పొడిబారిన పిండి పాకంలో సరిగా కలవదు, అరిసె పగులుతుంది. పాకం చుక్కని పళ్లెంలో నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ జారిపోతే పాకం లేత, పళ్లానికి కొడితే టంగుమంటే ముదురు. లేతపాకంతో అరిసె మూకుట్లో విడిపోయి నూనె తాగేస్తుంది. ముదిరితే మర్నాటికి రాయి అవుతుంది. మొత్తం చలిమిడి ఒత్తే ముందు ఒక్కటి వేయించి చూడండి. విడిపోతే కాస్త బియ్యప్పిండి కలిపితే దారికొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మూడున్నర కిలోలకూ ఒకేసారి పాకం పట్టొద్దు. కిలో చొప్పున పడితే ఒక వాయి చెడినా పోయేది 210 రూపాయలే.

జంతికలు మీరే చేసుకోవచ్చు. వెన్న ఎక్కువైతే నూనెలో విరిగిపోతాయి, తక్కువైతే గట్టిపడతాయి. పిండి అంతా ఒకేసారి కలిపి పెడితే నానిన కొద్దీ నూనె ఎక్కువ పీలుస్తుంది, కాబట్టి వాయికింత కలుపుకోండి. ముందు జంతికలు, తర్వాత అరిసెలు వేయించండి. అరిసెల నుంచి రాలే నువ్వులు, పిండి మాడి నూనె నల్లబడుతుంది. వరస తిరగేస్తే కొత్త నూనె పొయ్యాల్సి వస్తుంది.

సున్నుండల్లో ఆదా చెయ్యాలని చవక నెయ్యి కొనకండి. మినప్పప్పు సన్నసెగ మీద వేయించాలి. తొందరపడి మాడిస్తే చేదెక్కి, అంత నెయ్యీ వృథా అవుతుంది.

ఇక పండగ చీటీ. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితే దాని నంబరు, ఒప్పందపత్రం చూపించగలగాలి. చిట్టా పుస్తకంలో రాసుకుని వసూలు చేసే మనిషి చేతిలో నెలనెలా డబ్బు పెట్టకండి. నిర్వాహకులు చేతులెత్తేస్తే పండగ ముందు సరుకులూ ఉండవు, డబ్బూ ఉండదు. చెప్పినట్టే ఇచ్చినా సరుకు నాణ్యత మీ చేతిలో ఉండదు. పక్కింటావిడకు నొప్పి కలగకుండా, బ్యాంకులో కడుతున్నామని చెప్పండి.

కార్డు తీరాక ఆ 1,300 ఖాళీ అవుతుంది కదా, మాఘమాసం నుంచి అందులో 500తో, వచ్చే పండక్కి ముందే గడువు తీరేలా ఆర్‌డీ తెరవండి. కట్టిన అసలు, పైన కొద్దిగా వడ్డీ పండక్కి చేతికొస్తాయి. మిగతా 800తో పాత ఆర్‌డీ స్థానంలో ఇంకొకటి మొదలుపెట్టండి.

చివరగా ఒక జాగ్రత్త. కార్డు స్టేట్‌మెంట్ వచ్చిన రోజుకూ, మీరు కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ మరుసటి నెల బిల్లులో చిన్న మొత్తంగా కనబడుతుంది. బాకీ తీరిపోయిందనుకుని దాన్ని వదిలేస్తే ఆలస్య రుసుము పడుతుంది. అది కూడా కట్టి, ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో సున్నా చూశాకే కార్డు వాడకం గురించి ఆలోచించండి.