దేవరియా తాల్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

దసరా సెలవులకి హిమాలయాలకి వెళ్దామనుకుంటున్నాం అత్తా, ఎప్పుడూ కొండ ఎక్కనివాళ్లం, ఎక్కడికి వెళ్లమంటావు అని మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను, ఆ గోలలో సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారిని కూడా చదవమను, బ్యాగులు సర్దేది ఇద్దరూ కలిసే కదా.

సారీ అనే ఊరికి వెళ్లండి. ఉత్తరాఖండ్‌లో రుద్రప్రయాగ జిల్లా, ఊఖీమఠ్ దాటాక వస్తుంది. ఆ ఊరి పైనున్న కొండ మీద దేవరియా తాల్ అనే కొలను ఉంది. ఊరి నుంచి రెండున్నర కిలోమీటర్లు ఉంటుందేమో, రాళ్లు పరిచిన దారి. ఊరు సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటే కొలను 2,438 మీటర్ల దగ్గర ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి వచ్చినదానివి నువ్వు, ఆ ఎక్కుడుతో చూస్తే ఇది తక్కువే. కాకపోతే మనం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం, అక్కడ గాలి కాస్త పలచగా ఉంటుంది, మొదటి పది నిమిషాల్లోనే రొప్పు వస్తుంది. దానికి భయపడకు. పక్కనున్న వాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే నీ వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు. చిన్నోడు మొదట్లో పరిగెడతాడు, పరిగెట్టనివ్వకు. అరగంటకే కూలబడి ఎత్తుకోమంటాడు, తొమ్మిదేళ్ల పిల్లాడిని ఆ ఎత్తులో ఎవరు ఎత్తుకుంటారు?

అంతా ఇంటర్నెట్‌లో చూసి సారీ నుంచి కొలను మీదుగా అడవిలో పడి, అవతలున్న చోప్తా అనే చోటి దాకా నడిచేద్దాం అంటావేమో. వద్దు. అది రోజంతా నడక, పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూ, మధ్యలో ఊరు లేదు, చాలా చోట్ల ఫోన్ పలకదు. ఈసారికి కొలను దాటి అడవిలో ఒక గంటో గంటన్నరో లోపలికి వెళ్లి, అదే దారిన తిరిగి వచ్చేయండి. అడవి ఎలా ఉంటుందో ఆ గంటన్నరలోనే తెలిసిపోతుంది. మర్నాడు జీపులో చోప్తా వెళ్లండి.

నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో విను. నేను మొదటిసారి వెళ్లింది నలభై ఆరో ఏట, ఏప్రిల్లో. కొత్త బూట్లు కొనుక్కుని వాటితోనే రైలెక్కాను, జీన్స్ ప్యాంటు వేసుకున్నాను, పొద్దున్న టీలు టిఫిన్లు కబుర్లు అయ్యేసరికి పది దాటింది, అప్పుడు అడవిలోకి బయలుదేరాం. ఒంటిగంటకి మబ్బు కమ్మింది. రెండుకి వడగళ్లు, మామూలుగా కాదు, శనగగింజంత మొదలై ఉసిరికాయంత అయ్యాయి. జీన్స్ తడిస్తే ఎంత బరువో, ఎంత చలో ఆ రోజే తెలిసింది నాకు. వేళ్లు ముడుచుకోవడం లేదు, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాను. మాతో వచ్చిన ఊరి కుర్రాడు ఇక ముందుకు వద్దని మమ్మల్ని వెనక్కి తిప్పి, చీకటి పడే వేళకి సారీలో వాళ్ల నాయనమ్మ ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ ఒక్క మాట అడగకుండా నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తన ఉన్ని శాలువా కప్పి, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దింది. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి, ఇంటికొచ్చిన నెలకి ఊడిపోయింది.

అందుకని ముందు కాళ్ల సంగతి. బూట్లు ఇప్పుడే కొను, రోజూ ఆఫీసుకి కూడా అవే వేసుకెళ్లు, కనీసం నెల రోజులు నీ కాలికి అలవాటు పడాలి. సాయంత్రం కొనుక్కో, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ముందు వేలుకీ బూటుకీ మధ్య బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. బయలుదేరే ముందు రోజు అందరి కాలిగోళ్లూ పొట్టిగా కత్తిరించండి. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు, దిగేటప్పుడు ప్రతి అడుగుకీ గోరు వెళ్లి బూటుకి కొట్టుకుంటుంది, నా గోరు పోయింది అలాగే. దిగేటప్పుడు అంగలు వేయకు, చిన్న చిన్న అడుగులు, మోకాలు కొద్దిగా వంచి. చేతికర్ర ఒకటి ఊళ్లోనే దొరుకుతుంది, తీసుకో. ఇప్పటి నుంచి లిఫ్ట్ మానేసి మీ అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ ఎక్కి దిగండి, ఎక్కడం కంటే దిగడం ముఖ్యం.

బట్టల్లో కాటన్ వద్దు. ఆటలాడేవాళ్లు వేసుకునే పాలియెస్టర్ టీషర్టులు, అలాంటి ప్యాంట్లే, త్వరగా ఆరతాయి. దాని మీద పల్చటి స్వెటర్, దాని మీద వానకోటు. ఒకటే లావుపాటి కోటు కొంటే ఎక్కేటప్పుడు చెమట, ఆగినప్పుడు వణుకు. ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు అదనంగా, అవి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టు. అక్టోబర్లో ఆకాశం తేటగా ఉంటుంది, జలగల బెడద ఉండదు, కానీ పొద్దు వాలగానే చలి ఎముకల్లోకి దిగుతుంది.

ఇది ఆడవాళ్లకి ఎవరూ చెప్పని మాట. దారిలో బాత్రూమ్ ఉండదని మనం పొద్దున్నించి నీళ్లు తాగడం మానేస్తాం. పెళ్లిళ్లకి వెళ్లినా, బస్సెక్కినా మనకి అదే అలవాటు. కొండ మీద ఆ పని అస్సలు చేయకు. నీళ్లు తగ్గితే తలనొప్పి, నీరసం, అది ఎత్తు వల్లా నీళ్లు తాగకపోవడం వల్లా అని తేల్చుకోలేక టెన్షన్ పడతావు. ఒక చున్నీ పట్టుకెళ్లు, దారికీ నీటి ఊటకీ దూరంగా చెట్టు చాటుకి వెళ్లు, అక్కడి ఆడవాళ్లందరూ చేసేది అదే. ప్యాడ్లు వాడితే కాగితంలో చుట్టి ఒక జిప్ కవర్లో వేసి వెనక్కి తెచ్చేయి, అడవిలో పారేయకు, మట్టిలో పూడ్చినా కుక్కలు తవ్వుతాయి. చిప్స్ కవర్లూ అంతే.

ప్రయాణం సంగతి. ఢిల్లీ దాకా రైలో విమానమో మీ ఇష్టం, అక్కణ్నించి హరిద్వార్. రాత్రికి హరిద్వార్‌లోనో ఋషీకేశ్‌లోనో పడుకుని తెల్లవారుజామున ఐదింటికల్లా బండి ఎక్కాలి. ఋషీకేశ్ నుంచి ఊఖీమఠ్ సుమారు 180 కిలోమీటర్లే అయినా ఏడెనిమిది గంటలు పడుతుంది, అన్నీ వంపులే. చిన్నోడికి వాంతులవుతాయి, పొద్దున్నే పూరీలు తినిపించకు, ముందు సీట్లో కూర్చోబెట్టు, ఫోన్ ఇవ్వకు. దేవప్రయాగలో బండి ఆపించి కిందికి చూపించు. అలకనందా భాగీరథీ కలిసే చోట రెండు నీళ్ల రంగులూ వేరువేరుగా కనిపిస్తాయి, అక్కణ్నించే దానికి గంగ అని పేరు. రుద్రప్రయాగ దగ్గర మందాకిని నది వైపు తిరుగుతారు. ఊఖీమఠ్‌లో చేతిలో డబ్బు తీసుకోండి, వంద, యాభై నోట్లుగా. పైన ఫోన్ పే నమ్ముకోవద్దు. అక్కడి ఓంకారేశ్వర ఆలయం చూడండి, చలికాలంలో కేదారనాథుడికి పూజలు అక్కడే జరుగుతాయి.

సారీలో ఇళ్లలోనే గదులు ఇస్తారు, అక్కడే ఉండండి. కొలను గట్టు మీద టెంట్లు వేసుకోవాలని చూడకండి. పైన పచ్చిక మైదానాలని బుగ్యాల్ అంటారు, వాటిలో రాత్రి బస వద్దని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది, చాలా మంచి పని. అంత చలిలో గడ్డి పెరగడానికి ఎంత కాలం పడుతుందో, ఒక్క టెంటు కింద అది ఎలా పసుపు రంగుకి తిరిగి చచ్చిపోతుందో నేను కళ్లారా చూశాను.

ఊళ్లో తిండి గురించి బెంగ పెట్టుకోవద్దు, పచ్చళ్ల సీసాలు మోసుకెళ్లొద్దు. వాళ్లు మండువా అనేది మన చోళ్లే. ఆ రొట్టె మీద నెయ్యి వేసి, గహత్ పప్పు పోస్తారు, గహత్ అంటే ఉలవలు. మొదటిసారి ఆ గిన్నె ముందు పెట్టినప్పుడు వాసనకే గుర్తుపట్టాను, విజయనగరంలో మా అమ్మ ఉలవచారు కాచిన రోజు ఇల్లంతా అదే వాసన. ఝంగోరా అంటే ఊదలు, దానితో పాయసం చేస్తారు, అడిగి చేయించుకోండి. మీరు వెళ్లేది సరిగ్గా కోతల రోజులు. మెట్టు మెట్టుగా ఉన్న పొలాల్లో తోటకూర కంకులు ఎర్రగా ఉంటాయి, నల్లరాతి పలకల కప్పుల మీద గుమ్మడికాయలు, వాకిట్లో చోళ్లు ఆరబోసి ఉంటాయి. చిన్నోడిని వాటి మీద నడవనివ్వకు.

దారిలో నెత్తికి మించిన గడ్డిమోపు వీపున వేసుకుని ఆడవాళ్లు ఎదురొస్తారు. వాళ్లు కనపడగానే నువ్వే పక్కకి తప్పుకో, "నమస్తే దీదీ" అను, నవ్వుతారు, తర్వాత ఫొటో అడుగు, వద్దంటే వదిలేయి. ఆ గడ్డి చలికాలమంతా పశువులకి. కంచరగాడిదలు వస్తే మాత్రం ఎప్పుడూ కొండ వైపే నిలబడాలి, లోయ వైపు నిలబడకూడదు, మూట తగిలిందంటే పడిపోతారు. ఇది చిన్నోడికి పదిసార్లు చెప్పు. గొర్రెల మందల దగ్గర కుక్కలుంటాయి, మెడకి ఇనుప ముళ్ల పట్టీ కట్టి ఉంటుంది, చిరుతపులి పీక పట్టుకోకుండా. వాటిని నిమరబోవద్దు. చిరుతలూ ఎలుగులూ ఉన్న అడవే కాబట్టి బాగా వెలుతురు వచ్చాకే బయలుదేరి, మధ్యాహ్నం మూడింటికల్లా ఊళ్లో ఉండాలి. ఊరి కుర్రాడినొకడిని తోడు తీసుకెళ్లండి, అడిగినంత ఇవ్వండి, రెండు వందల కోసం బేరమాడొద్దు. పశువులు తొక్కిన దారులు అడవిలో నాలుగు వైపులా చీలతాయి, మనకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఆరున్నరకి బయలుదేరితే ఎనిమిదిన్నరకల్లా కొలను దగ్గరుంటారు. గాలి లేవకముందే చేరాలి, అప్పుడే 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం నీళ్లలో తలకిందులుగా కనపడుతుంది. గాలి వచ్చిందంటే చెదిరిపోతుంది. యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలడిగింది ఈ కొలను గట్టు మీదేనని అక్కడి వాళ్ల నమ్మకం. గాలి కంటే వేగమైనది ఏది, గడ్డిపరకల కంటే ఎక్కువైనవి ఏవి అని చిన్నోడిని అక్కడ కూర్చోబెట్టి అడుగు. మనసు, చింతలు అని వాడు చెప్పకపోయినా పర్లేదు, వాడేం చెప్తాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

అక్కణ్నించి అడవి. ఎక్కువగా బాంజ్ చెట్లు, అంటే ఓక్ చెట్లు, ఆకు పైన ముదురాకుపచ్చ, తిరగేస్తే వెండి రంగు. కొమ్మల నిండా నాచు వేలాడుతుంది. బాంజ్ ఉన్నచోట ఊటలు ఎండవని ఊళ్లో వాళ్లు చెప్తారు. ఎండిన ఆకులు కిందంతా పరుచుకుని ఉంటాయి, తడి లేకపోయినా జారతాయి, కర్ర ముందు ఆనించి అడుగు వెయ్యి. బురాంశ్ చెట్లు, అంటే రోడోడెండ్రాన్లు, కూడా ఉంటాయి, పూలు మాత్రం మార్చి, ఏప్రిల్‌లోనే. ఈ కొండలవాళ్లు అడవిని ఊరికే చూడరు. చోప్తా అవతల వైపు దిగితే మండల్ అనే ఊరు వస్తుంది, 1973లో ఆటసామాను కంపెనీకి ఇచ్చేసిన చెట్లని కొట్టనివ్వకుండా, చెట్లని కావలించుకుని కాపాడే చిప్కో ఉద్యమం మొదలైంది అక్కడే.

చోప్తా నుంచి తుంగనాథ్ శివాలయం నాలుగు కిలోమీటర్లలోపే, దారి చక్కగా ఉంటుంది, కానీ గుడి 3,680 మీటర్ల ఎత్తులో ఉంది, ఒక్కరోజులో వెయ్యి మీటర్లు ఎక్కినట్టు. పంచ కేదారాలనే ఐదు శివాలయాల్లో ఒకటి, దసరాకి తెరిచే ఉంటుంది. చిన్నోడికి తల పోటు, వాంతి, తూలడం ఏది కనిపించినా అక్కడే వెనక్కి తిరగండి. గుడి అర కిలోమీటర్లోనే ఉన్నా సరే, తిరగండి. అల్లుడుగారు "ఇంత దూరం వచ్చాం కదా" అంటారు, ఆ మాట వినకు. మాత్రలేవైనా వేసుకోవాలనుకుంటే ఇక్కడే డాక్టర్ని అడిగి వెళ్లండి, మెడికల్ షాపులో అడిగి కాదు.

ఇంకొక్క పని. కొరియర్‌లో ఒక కవరు పంపుతున్నాను, అందులో ఫొటో ఉంది. నా పాదాలు రుద్దిన ఆ నాయనమ్మది, పోయినసారి వెళ్లినప్పుడు ఆవిడ చోళ్లు చెరుగుతుంటే తీశాను, పంపిస్తానని మాటిచ్చి రెండేళ్లయింది. ఊళ్లోకి వెళ్లగానే నీటిధార ఉంటుంది, దాని పక్క మెట్లు ఎక్కితే నీలం తలుపుల ఇల్లు. ఫొటోతో పాటు అరకిలో తాటిబెల్లం కూడా పెట్టాను, అది ఆవిడకే, దారిలో చిన్నోడికి పెట్టకు. చెవి సరిగా వినపడదు, దగ్గరికెళ్లి గట్టిగా చెప్పు, విజయనగరం టీచరమ్మ పంపిందని.

మీ అత్త