వరద తర్వాత చదువు: హాస్టల్లో వేయాలా, ఏడాది ఆగాలా?

ప్రశ్న: వరదలో మా ఇల్లు పోయింది, మా అత్తగారూ పోయారు. మా అబ్బాయిని పెంచింది ఆవిడే. ఐదు నెలలైనా పన్నెండో తరగతి పుస్తకాలు ముట్టడు. బద్ధకం పెరిగింది. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేస్తానంటాడు, మాకేమో ఇంజనీరింగ్ చదివించాలని ఉంది. ఏది మంచిది? దూరంగా హాస్టల్లో వేస్తే మనసు మళ్లుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తర్వాత. పిల్లాడు మళ్లీ మామూలు మనిషి అవుతాడా అన్నదే మీ భయం. అవుతాడు. విపత్తు చూసినవాళ్లలో ఎక్కువమంది అయినవాళ్ల అండతో మెల్లగా కోలుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం, కనీసం ఆరు నెలలు దాటితే తప్ప ఎంత తీవ్రమైన దుఃఖాన్నైనా రుగ్మత అనరు. మీరు ఐదు నెలలకే బద్ధకం అనేశారు! అయితే పీడకలలు, వాన చప్పుడుకు ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించాలి. చనిపోవాలని ఉందని అంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి.

హాస్టల్ మాట మానేయండి. నాన్నమ్మ పోయింది, ఇల్లు పోయింది, ఇప్పుడు అమ్మానాన్నలను కూడా దూరం చేస్తారా? వాడి బాధ చూడలేక పంపేయాలనుకుంటున్నారేమో, ఆలోచించండి. ఇంట్లో నాన్నమ్మ ప్రస్తావన తెండి, కానీ మాట్లాడమని వాణ్ని బలవంతపెట్టొద్దు. తడిసిన సర్టిఫికెట్లు ఆరబెట్టడం, పోయినవాటికి డూప్లికేట్ల దరఖాస్తు నింపడం వాడికే అప్పగించండి. తన చేతుల్లోనూ కొంత ఉందని తెలుస్తుంది. పరీక్షలు ఏడాది ఆలస్యమైనా కొంప మునగదు.

డిజాస్టర్ మేనేజ్‌మెంట్ మీద నాకు అనుమానాలున్నాయి. ప్రతి విపత్తు తర్వాతా దాని గురించి అడిగేవాళ్లు పెరుగుతారు. డిగ్రీ స్థాయిలో అందులో అన్నీ కొంచెం కొంచెం చెబుతారు, చేతికి ఒక పని రావడం కష్టం. వరద వచ్చినచోట కావాల్సింది నీటిమట్టం అంచనా వేసే హైడ్రాలజిస్టు, పగిలిన గోడ నిలుస్తుందో లేదో చెప్పే స్ట్రక్చరల్ ఇంజనీరు, శిబిరంలో తాగునీరు పరీక్షించేవాళ్లు, నర్సులు. ముందు వీటిలో ఒకటి నేర్చుకుని, పీజీలో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ తీసుకుంటే విలువ ఉంటుంది. సివిల్ ఇంజనీరింగ్ తీసుకుంటే మీ కోరికా, వాడి కోరికా రెండూ నిలుస్తాయి.

నాన్నమ్మను కాపాడలేకపోయానన్న బాధలోంచే ఈ కోరిక పుట్టి ఉండొచ్చు. అందుకని కొట్టిపారేయకండి, ఇప్పుడే ఫీజూ కట్టేయకండి. కొన్ని నెలలు గడిచాక కూడా అదే మాట మీద ఉంటే నాకు రాయండి. ఈసారి ప్రశ్న వాణ్నే రాయనివ్వండి.