థీసిస్ మొదలుపెట్టబోయే మా చిట్టికి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

నువ్వు పంపిన థీసిస్ ప్రణాళిక, అదే ప్రోటోకాల్, రెండుసార్లు చదివాను. పేషెంట్లు, వాళ్లకి తోడుండేవాళ్లు, ఎంబీబీఎస్ పిల్లలు, ఈ ముగ్గురిలోనూ డిప్రెషన్, ఆందోళన ఎంతుందో కొలుస్తానన్నావు. మీ గైడ్ కూడా బాగుందన్నారట. నేను డాక్టర్ని కాను. ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్‌గా ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. ఎంతమంది పీజీలకో వార్డుల్లో తిరిగి ఫారాలు నింపిపెట్టాను. థీసిస్ మీద పేరు వాళ్లది, అరిగిన చెప్పులు నావి. ఆ హక్కుతోనే చెబుతున్నాను, విను.

ముందు ఆ ముగ్గురినీ ఒకే గంపకెత్తకు. నీకున్నది రెండేళ్ల పైచిలుకు సమయం, అందులో నైట్ డ్యూటీలు పోను మిగిలేది ఎంత? నీ లెక్కల మాస్టారు చెప్పిన సూత్రమే వేసి చూడు. నూటికి 30 మందికి డిప్రెషన్ ఉంటుందనుకుని, అటూఇటూ 5 తేడాతో చెప్పాలంటే 336 మంది కావాలి. అది ఒక్క గుంపుకే. మూడు గుంపులంటే వెయ్యి దాటుతుంది. వెయ్యి ఫారాలు ఒక్క పీజీ నింపినట్టు నేను చూడలేదు, హాస్టల్ గదిలో కూర్చుని ఒకే పెన్నుతో ఒకే రాత్రి నింపినవి మాత్రం చూశాను. ఆ రాత్రి నీకు రాకూడదంటే సంఖ్య ఇప్పుడే తగ్గించుకో.

నన్నడిగితే తోడుండేవాళ్లని పట్టుకో. పేషెంటుకి కేస్ షీట్ ఉంటుంది, స్టూడెంటుకి హాజరు పట్టీ ఉంటుంది. మంచం కింద చాప పరుచుకుని పడుకునే మనిషికి ఆసుపత్రిలో ఏ కాగితం మీదా పేరు ఉండదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్లని తెచ్చి వాళ్ల పక్కనే ఉంచారు. అప్పట్లో అదో పెద్ద కొత్త సంగతి. మన జనరల్ వార్డుల్లో ఎవరూ గుడారం వేయించకుండానే ఇంటిల్లిపాదీ దిగిపోతారు. మందులు తేవడం, స్ట్రెచర్ తోయడం, మూత్రం సంచీ ఖాళీ చెయ్యడం అన్నీ వాళ్లే. మరి వాళ్లకి నిద్ర పట్టిందా అని అడిగేవాళ్లెవరు?

డయాలసిస్ యూనిట్‌లో చేస్తానన్నావు కదా, అది మంచి ఆలోచన. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనుషులు సరిహద్దు దాటి ఒడిశాలో మీ బరంపురం రావడం కొత్తేమీ కాదు. ఒకవేళ పేషెంట్లని కూడా అడగక తప్పదంటే ఒకటి గుర్తుపెట్టుకో. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ఫారంలో తొమ్మిది ప్రశ్నలుంటే అందులో నిద్ర ఒకటి, నీరసం ఒకటి, ఆకలి ఒకటి. కిడ్నీలు పోయినవాడికి ఈ మూడూ జబ్బుతోనే వస్తాయి. 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ అనుమానించాలన్న గీత పెడితే, మనసు గట్టిగా ఉన్నవాడు కూడా గీత దాటేసినట్టు కనిపిస్తాడు. ఈ చిక్కు తెలిసే 1983లో జిగ్మండ్, స్నెయిత్ ఆసుపత్రి రోగుల కోసం ఆందోళన, డిప్రెషన్ కొలిచే 14 ప్రశ్నల హ్యాడ్స్ ఫారం తయారుచేసి, ఒంటి బాధల ప్రశ్నలు కావాలనే వదిలేశారు. ఏది వాడాలో మీ గైడ్‌తో తేల్చుకో. తోడుండేవాళ్ల భారం కొలిచే జారిట్ ఫారం, 22 ప్రశ్నలది, దానికి అనుమతి తీసుకోవాలి. ఇప్పుడే రాయి, ఆలస్యమవుతుంది.

ఇక భాష. ఇక్కడే మీ పిల్లలందరూ బోర్లా పడతారు.

పీహెచ్‌క్యూ-9 తెలుగులో ఉంది, ఒడియాలో ఉంది, ఉచితం. రెండూ ప్రింటు తీసుకుని, తెలుగువాళ్లకి తెలుగు, ఒడియావాళ్లకి ఒడియా ఇస్తానని రాశావు. అమ్మా, నీ సంగతే చూసుకో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగులో గలగలా మాట్లాడతావు, నా ఉత్తరం చదవడానికి మాత్రం మీ అమ్మ పక్కన ఉండాలి. ఇప్పుడు కూడా ఆవిడే చదువుతోందని నాకు తెలుసు, దణ్ణం చెల్లాయ్! బరంపురంలో, గుణుపురంలో, మా పర్లాకిమిడిలో సగం మంది తెలుగువాళ్లు ఇలాంటివాళ్లే. తెలుగు కాగితం ఇస్తే చదవలేరు. సిగ్గుపడి చదివినట్టే నటించి అన్నిటికీ మొదటి గడిలో టిక్కు పెడతారు. ఒడియా కాగితం ఇస్తే చదువుతారు, కానీ దుఃఖం వాళ్లకి ఒడియాలో రాదు. అందుకని నువ్వే చదివి వినిపించు, అందరికీ ఒకేలా. కొందరికి చదివి, కొందరి చేతికిచ్చి, రెండూ కలిపి లెక్కెయ్యకు. గుణుపురం దాటి వచ్చే సవర వాళ్లకి ఈ రెండు భాషలూ చాలవు, దానికి దుబాసీ కావాలి. వాళ్లని వదిలేస్తే వదిలేశానని థీసిస్‌లో రాయి.

'కుంగుబాటు' అన్న మాట పేపర్లో ఉంటుంది, వార్డులో ఉండదు. మనవాళ్లు మనేద అంటారు, బెంగ అంటారు, గుండె దడ అంటారు, ఏటో గాబరాగా ఉందమ్మా అంటారు. టెన్షన్ అని కూడా అంటారు, అదైతే అందరిదీ. కానీ ఫారంలో మాట నీ ఇష్టమొచ్చినట్టు మార్చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చదువు, అర్థం కాకపోతే చెప్పాల్సిన రెండో మాట ముందే రాసిపెట్టుకో, ఎవరు అడిగినా ఆ రెండో మాటే చెప్పాలి. ముందు పది మంది మీద చదివి చూసి, ఎక్కడ తడబడుతున్నారో మీ గైడ్‌కి చూపించు.

'గత రెండు వారాల్లో' అని ఉంటుంది కదా, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి ఏ రోజు ఏ వారమో తెలియదు. డయాలసిస్ వాళ్లు మాత్రం సిట్టింగులు లెక్కపెడతారు. వారానికి మూడు చేయించుకునే మనిషైతే ఆరు సిట్టింగుల కిందటి నుంచి అని చెప్పు, టక్కున పట్టేస్తారు. 'కొన్ని రోజులు', 'సగం కన్నా ఎక్కువ రోజులు' అన్న గడుల దగ్గర కూడా తికమకే. ఏది అడిగినా 'అప్పుడప్పుడూ' అంటారు. నేను పధ్నాలుగు చింతపిక్కలు ఒక డబ్బాలో పెట్టుకుని తిరిగేదాన్ని. "ఈ పధ్నాలుగు రోజుల్లో అలా అనిపించిన రోజులు ఎన్నో అన్ని పిక్కలు పక్కకి తియ్యమ్మా" అంటే, తీసేటప్పుడు వాళ్లే ఆలోచించుకుంటారు. డాక్టర్లు నవ్వేవారు. నువ్వు వాడితే పద్ధతుల అధ్యాయంలో రాసుకో, దాచకు.

అడిగే చోటు కూడా చూసుకోవాలి. భర్త మంచం పక్కన నిలబెట్టి భార్యని "మీకు భారంగా ఉందా?" అని అడిగితే ఏమంటుంది? మెషీన్ మీద పడుకుని ఆయన వింటున్నాడు. "నా మనిషే కదమ్మా, భారమేంటి" అంటుంది, నువ్వు సున్నా వేస్తావు. మెషీన్ నాలుగు గంటలు నడుస్తుంది. మొదటి గంట వదిలెయ్, ఏమవుతుందోనని వాళ్ల ప్రాణం అక్కడే ఉంటుంది. తరవాత సిస్టర్‌కి చెప్పి, ఆయన్ని చూడమని, ఈవిడని వరండా చివరి బల్ల దగ్గరికి తీసుకెళ్లు. గంజాం పల్లెల్లో మగవాళ్లు చాలామంది సూరత్ మగ్గాల మీద ఉంటారు, తోడొచ్చేది కోడలో కూతురో. నువ్వు అడుగుతుండగా సూరత్ నుంచి ఫోనొస్తుంది, ఆవిడ గొంతు ఒక్కసారిగా మారిపోతుంది. ఫోను అయ్యేదాకా ఆగు. బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర రోజుల్లో మాత్రం నీకు మనుషులు దొరకరు, షెడ్యూల్‌లో ఆ వారాలు కొట్టెయ్.

సంతకం సంగతి. పేషెంటు సంతకం పెట్టాడు కదా అని భార్యది తీసుకోకుండా ఉండకు, ఆవిడ జవాబులకి ఆవిడ ఒప్పుకోలు వేరు. చదువురాకపోతే వేలిముద్ర, పక్కన నీ టీముకి సంబంధం లేని సాక్షి. వేలిముద్ర అనగానే మన పల్లెల్లో ఆడవాళ్లకి గుర్తొచ్చేది అప్పు కాగితం. "ఇది అప్పు కాదు, భూమి కాదు, కార్డుకి సంబంధం లేదు, వద్దంటే మీ వైద్యం ఆగదు" అని నోటితో చెప్పు. కార్డు మాట మరిచిపోకు, సరిహద్దు దాటి వచ్చినవాళ్లకి వైద్యానికి ఆంధ్రా కార్డు ఇక్కడ చెల్లుతుందా లేదా అన్న భయం ఎప్పుడూ ఉంటుంది. నువ్వు తెల్లకోటు వేసుకుని అడిగితే కాదనరు. అందుకే ఆ కోటు విప్పి వెళ్లు.

ఇప్పుడు అసలు సంగతి, దీని కోసమే ఈ ఉత్తరం.

పదిహేనేళ్ల కిందట, ఒక ఆసుపత్రిలో, పేరు వద్దులే, ఒక పీజీకి తోడుండేవాళ్ల ఫారాలు నేనే నింపించేదాన్ని. నాకు సాయంగా ఒక ఇంటర్న్ అమ్మాయి. పక్షవాతం వచ్చిన భర్తతో ఒకావిడ పన్నెండు రోజులుంది. ఆ అమ్మాయి తొమ్మిది ప్రశ్నలూ చదివింది, టిక్కులు పెట్టింది. తొమ్మిదో ప్రశ్న నీకు తెలుసు, చచ్చిపోతే బాగుండు అనిపించడం. రోజూ అని చెప్పింది ఆవిడ. మూడో నంబరు గడిలో టిక్కు పెట్టి, థ్యాంక్స్ చెప్పి, తరవాతి మంచానికి వెళ్లింది ఆ ఇంటర్న్ అమ్మాయి. నేను ఆ కట్ట తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. గోప్యత పాటిస్తున్నానని గర్వం కూడా. ఆ ఫారం నింపిన పదకొండో రోజున కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే ఆ 3 కనబడింది. వార్డుకి పరిగెత్తాను, వాళ్లు ఎప్పుడో డిశ్చార్జి.

కేస్ షీట్‌లో ఊరి పేరు చూసుకుని మర్నాడు బస్సెక్కాను. పలాస దిగి ఆటోలో. దారి పొడుగునా ఏం వినాల్సి వస్తుందోనని నాలుక పిడచకట్టుకుపోయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చానని, ఆ కాగితం గురించని చెప్పాను. "ఆ పాప అడిగింది, సెప్పేను. మరెవరన్నా వత్తారేమోనని రెండ్రోజులు సూసేను" అంది.

అంతే అంది. తిట్టలేదు. ఆవిడని ఓపీకి తీసుకురావడానికి మరో రెండు వారాలు పట్టింది. వచ్చింది.

కాబట్టి, తొమ్మిదో ప్రశ్నకి జవాబు సున్నా కాకపోతే ఆ మనిషి బల్ల మీద నుంచి లేవకముందే నువ్వు లేవాలి. ఆ రోజు చూసే సైకియాట్రిస్టు పేరు, నంబరు ప్రతి ఫారం వెనకాల రాసిపెట్టుకో. ఆయన సెలవులో ఉంటే ఆ రోజు ఫారాలే నింపకు. ఒప్పుకోలు పత్రంలో "మీ ప్రాణానికి ముప్పని అనిపిస్తే ఆ ఒక్క సంగతి మాత్రం డాక్టరుకి చెబుతాను" అని ముందే ఉండాలి. చెబితే పోలీసు కేసు అవుతుందని కొందరు భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు, ఆ మాట చెప్పు. ప్రభుత్వం వాళ్ల మానసిక సాయం ఫోను, టెలిమానస్ నంబరు 14416 కూడా ఇవ్వు, రాత్రీపగలూ పలుకుతుంది. నంబరు ఇచ్చాను కదా అని చేతులు దులుపుకోకు.

స్టూడెంట్ల సంగతి కూడా ఇక్కడే ముడిపడుతుంది. వాళ్ల దగ్గర పేరు లేకుండా ఫారం తీసుకుంటానన్నావు. సరే, మరి తొమ్మిదో ప్రశ్నకి రోజూ అని వస్తే ఎవరని వెతుకుతావు? పేరు అడిగితే ఒక్కరూ నిజం చెప్పరు, అడగకపోతే నీకు చెయ్యడానికేమీ ఉండదు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. అందుకే వాళ్లని ఈసారికి వదిలెయ్యమంటున్నాను. 2024లో జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేలో పీజీల్లో 31 శాతం మంది చావు ఆలోచనలు వచ్చాయన్నారు. అది తమంతట తాము ఫారం నింపినవాళ్ల లెక్క, అందరిదీ అనుకోకూడదు, నిజమే. అయినా అందులో నీ క్లాస్‌మేట్లున్నారు చిట్టీ. మీ గైడ్ తప్పదంటే పరీక్షల ముందు వారం అడగకు, ప్రొఫెసర్ నిలబడి ఉండగా అడగకు. వయసు, జిల్లా, సంవత్సరం, ఆడా మగా అన్నీ అడగకు. రాయగడ నుంచి వచ్చిన అమ్మాయి ఆ బ్యాచ్‌లో ఒక్కతే ఉంటే పేరు రాయించినట్టే కదా.

ఉపోద్ఘాతంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే అంకె పెట్టావు, పెద్దవాళ్లలో మానసిక సమస్యలున్నవాళ్లు 10.6 శాతమని. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసింది 12 రాష్ట్రాల్లో, అందులో ఒడిశా లేదు, ఆంధ్రా లేదు. 'మన ప్రాంతంలో' అన్న మాట కొట్టెయ్.

వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా. ఫారం కాపీలు పది తీసుకురా. మా వీధి చివర అత్తగారిని చూసుకుంటున్న కోడలు ఒకామె ఉంది, మొదట ఆవిడకే చదివి వినిపిద్దాం. చింతపిక్కల డబ్బా అటక మీద ఉండాలి, ఈలోగా దింపిస్తాను. కిందటిసారి పట్టుకెళ్లిన స్టీలు కేరేజీ మరిచిపోకు.

నీ పెద్దమ్మ