ఎలక్ట్రీషియన్ పని ఫోన్‌లో వస్తుందా?

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఈ ఏడాది పది పాసయ్యాడు. ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు వచ్చేలా ఉంది. రోజూ బస్సులో వెళ్లి రావాలి. ఇంతలో వాడు ఫోన్‌లో ఒక ప్రకటన చూశాడు. ఆరు నెలలు ఆన్‌లైన్ క్లాసులు, సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగం చూపిస్తారు, ఫీజు 18 వేలు. ‘ఐటీఐలో కూడా ఇప్పుడు కొంత ఆన్‌లైన్‌లోనే చెబుతున్నారు, ఇక తేడా ఏముంది? ఇంట్లో నేర్చుకుంటూ మామయ్య షాపులో పని చేసుకుంటా’ అంటున్నాడు. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి

జవాబు: సీటు వదులుకోవద్దమ్మా. ముందు ఆ ముక్క చెప్పేశాను, ఇక ఎందుకో చెబుతాను.

మీవాడు అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. ఐటీఐ చదువులోకి ఆన్‌లైన్ వచ్చిన మాట నిజమే. కానీ ఎంత వచ్చింది, ఎంతవరకు రాగలదు అన్నది సిలబస్ చూస్తే తెలిసిపోతుంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో మొదటి ఏడాది 1,200 గంటలు. అందులో 840 గంటలు వర్క్‌షాపులో ప్రాక్టికల్. థియరీకి 240, ఉద్యోగానికి కావాల్సిన నైపుణ్యాలు (ఎంప్లాయబిలిటీ స్కిల్స్) నేర్పే పాఠాలకు 120. ఇవి పోను పరిశ్రమలో శిక్షణ లేదా గ్రూప్ ప్రాజెక్టు మరో 150 గంటలు. అంటే ఫోన్‌లోకి ఎంత తెచ్చినా ఆ 360 గంటల్లోంచే తేవాలి. మిగతా 840 చేతులతో చేయాల్సినవి. మీవాడు చూసిన ప్రకటన ఆ 360నే చూపించి మొత్తం పని నేర్పేస్తామంటోంది.

లాక్‌డౌన్ నాటి బ్యాచ్ కుర్రాడొకడి సంగతి చెబుతాను. అప్పట్లో నెలల తరబడి ఐటీఐలు మూతబడి ఫోన్లోనే పాఠాలు విన్నవాడు. ఒక ఫ్యాక్టరీలో ఎంపికకు వచ్చాడు, నేనూ అక్కడే ఉన్నాను. మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాలోకి మార్చే స్టార్ డెల్టా స్టార్టర్ బొమ్మ గీయమంటే బోర్డు మీద చకచకా గీశాడు. స్టార్ కాంటాక్టర్, డెల్టా కాంటాక్టర్, టైమర్, ఒక్క గీత తప్పు లేదు. తర్వాత సూపర్‌వైజర్ నిజం స్టార్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. టైమర్ నుంచి ఒక వైరు ముందే ఊడదీసి ఉంచాడు, మోటారు స్టార్‌లోనే తిరుగుతోంది, డెల్టాకు రావడం లేదు. ‘ఎందుకో చూడు’ అన్నాడు. కుర్రాడు స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా కవర్ విప్పబోయాడు. మెయిన్ ఆపలేదు. సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, తనే మెయిన్ ఆపి, ‘ఇంటికెళ్లు నాన్నా’ అన్నాడు.

మెయిన్ ఆపాలని ఆ అబ్బాయికి తెలియక కాదు. పరీక్షలో అడిగితే మొదటి పాయింటుగా రాసేవాడు. వర్క్‌షాపులో రోజూ ఇన్‌స్ట్రక్టర్ కేకలేస్తుంటే వందసార్లు ఆపి ఆపి చేతికి పడే అలవాటు అది. వీడియోలో కేకలేసేవాళ్లు ఉండరు కదా.

సర్టిఫికెట్ సంగతి కూడా చూడండి. రెండేళ్ల ఐటీఐ పూర్తిచేసి పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకైనా, పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి లేటరల్ ఎంట్రీకైనా ఆరు నెలల కాగితం పనికిరాదు. కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్‌కూ ఐటీఐ సర్టిఫికెట్‌కు ఉన్న విలువ దానికి ఉండదు. మన రాష్ట్రంలో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను (కరెంటు లైన్ల పని చూసేవాళ్లను) తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించారు, మీటర్ రీడింగ్ తీయించారు, సైకిల్ తొక్కించారు. స్తంభం ఎక్కడం యూట్యూబ్‌లో రాదు.

అలాగని ఫోన్ లాగేసుకోకండి. అది మీవాడికి చాలా పనికొస్తుంది. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ వారి భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ట్రేడ్‌లవారీగా పాఠాలు, ప్రశ్నల బ్యాంకు, మాక్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. థియరీ పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి కాబట్టి మాక్ టెస్టులు రాసినవాడికి ఆ రోజు టెన్షన్ ఉండదు. రేపు వర్క్‌షాపులో మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) ఇన్సులేషన్ పరీక్ష ఉందనుకోండి, ఈ రాత్రే దాని వీడియో ఒకసారి చూసి పడుకోమనండి. పొద్దున అందరూ మెగ్గర్‌లో ఏ తీగ ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, వీడు పని మొదలుపెట్టేస్తాడు. లెక్కల్లో వెనకబడినా అంతే. క్లాసులో మళ్లీ అడగడానికి మొహమాటపడే పిల్లలు వీడియోను పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదంటే, టౌన్‌లో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమనండి.

ఐటీఐ అనగానే అన్నీ బాగుంటాయనీ అనుకోకండి. హాజరు వేసేసి, యంత్రాల మీద గుడ్డ కప్పి ఉంచే చోట్లు కూడా నేను చూశాను. చేరేముందు ఒక పనిరోజు పదకొండు గంటలకు అబ్బాయిని తీసుకుని వెళ్లండి. వర్క్‌షాపు చూస్తామని అడగండి, కాదనరు. నేల మీద వైరు ముక్కలు, ఇన్సులేషన్ టేపు తుంపులు కనిపించాలి. శుభ్రంగా అద్దంలా ఉంటే మాత్రం అక్కడ పని జరగడం లేదేమో ఆలోచించండి. సీనియర్ కుర్రాడు ఒకడిని ఆపి ‘ఈ వారం ఏం చేశారు బాబూ’ అని అడగండి. హౌస్ వైరింగ్ బోర్డు బిగించామనో, ఫ్యాన్ వైండింగ్ విప్పామనో చెప్పాలి. ‘రికార్డు రాశాం’ అంటే అనుమానించాల్సిందే.

మామయ్య షాపు మాత్రం మానిపించకండి. ఆదివారాలు, సెలవుల్లో పంపండి. స్విచ్‌బోర్డు బిగించడం, పాత ఫ్యాన్ విప్పి బిగించడం లాంటివి పక్కనే ఉండి నేర్పమనండి. పదహారేళ్ల పిల్లాడు కదా, కరెంటున్న లైను ముట్టుకోనివ్వొద్దని, ఒంటరిగా ఎవరింటికీ పంపొద్దని వాళ్ల మామయ్యకు గట్టిగా చెప్పండి.

ఆన్‌లైన్ కోర్సులకు డబ్బు పెట్టాల్సిన సమయం ఐటీఐ అయ్యాక వస్తుంది. పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద సోలార్ పలకలు పెట్టేవాళ్లకు పని దొరుకుతోంది. పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోలర్) తెలిసినవాళ్లకు ఫ్యాక్టరీల్లో గిరాకీ ఉంది. చేతిలో పని ఉన్నవాడు ఇలాంటివి కొంత ఆన్‌లైన్‌లో విని, కొంత చేసి త్వరగా పట్టుకుంటాడు. ఇప్పుడే ఆ 18 వేలు కట్టకండి.

ఆ సంస్థవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ‘ప్రాక్టికల్ ఎక్కడ చేయిస్తారు, అడ్రస్ చెప్పండి, వచ్చి చూస్తాం’ అని మీ అబ్బాయి చేతే అడిగించండి. వాళ్లేం చెబుతారో వాడే వినాలి. ఈలోగా పది మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు ఒక కవర్లో పెట్టి ఉంచండి. సీటు ఖాయమయ్యాక బస్ పాస్‌కు కావాల్సిన కాగితం కాలేజీలోనే అడిగి తెచ్చుకోమనండి.