జూన్ 12కు ముందు

చిన్నీ,

నానిగాణ్ణి జూన్ 12నే మళ్ళీ బడికి పంపుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మెదడులో కణితికి ఏడాది చికిత్స తర్వాత వాడు సంచీ తగిలించుకుంటాడంటే కడుపు నిండింది. సాయంత్రం అబాకస్, ఆదివారం హిందీ ట్యూషన్ కూడా పెడతావట. అవి వద్దు.

స్కానుల తేదీలు నీకు చెప్పక్కర్లేదు. తలలో నీరు దించే గొట్టం, అదే షంటు, ఉన్న పిల్లాడు కాబట్టి తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే బడి మాట తర్వాత, ముందు ఆస్పత్రి.

నా భయం వేరు. మెడుల్లోబ్లాస్టోమా అనే ఆ క్యాన్సర్ కణితిని తీసింది చిన్నమెదడులోంచి. అది నడకకే అనుకుంటారు గానీ మాట పేర్చుకోవడానికి, పని మొదలుపెట్టడానికి, కోపం ఆపుకోవడానికీ అదే కావాలి. ఆపరేషనైన రెండో రోజు నుంచి వాడు మూడు వారాలు నోరు విప్పకపోతే అలిగాడన్నారు మీరు. అది అలక కాదు. ఈ ఆపరేషన్ తర్వాత దాదాపు నలుగురిలో ఒకరికి మాట అలా పడిపోతుంది. తిరిగొచ్చినా, ఆ పిల్లలకు చదువులో ఇబ్బంది ఎక్కువే.

దానిపైన రేడియేషన్: తలకూ వెన్నుకూ 23.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), కణితి ఉన్నచోట 54 దాకా. నరాల తీగల పైతొడుగు దెబ్బతిని కబురు నెమ్మదిగా నడుస్తుంది. నేర్చింది పోదు, ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. కొత్తది పట్టుకోవడమే తోటివాళ్ళకన్నా ఆలస్యం. అందుకే మొదటి ఏడాది మార్కులు బాగుంటాయి. ఆరు, ఏడు తరగతులకు ఎడం తేలుతుంది.

పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే, ఈ పిల్లల్ని చూసే మాలాంటి వాళ్ళం ఏళ్ళ తరబడి చేశాం కూడా. ఐక్యూ మొత్తం అంకె ఒక్కటే చూసి ‘నార్మల్’ అని ఫైలు మూసేయడం. మాటల భాగంలో 108, వేగంలో 76 వచ్చిన పిల్లాడికీ మొత్తం ‘సగటు’ అనే పడొచ్చు. బడివాళ్ళు ఆ కాగితం చూసి, తెలివుంది, ఒళ్ళు వంచడంలేదంటారు. ఇంట్లో లెక్కలు రెట్టింపు చేస్తారు. మిగతావాళ్ళు 40 నిమిషాల్లో చేసేది వాడికి రెండు గంటలు. అలిసిపోయి పుస్తకం విసిరేస్తే పొగరంటారు. చివరికి వాడే ‘నాకు రాదు’ అని మానేస్తాడు. చిన్నీ, వాణ్ణి సోమరి అని ఒక్కసారి కూడా అనకు. అంటే నేనూరుకోను.

అందుకని జూన్‌కు ముందే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించు. వేగం, ధ్యాస, పని చేస్తూ గుర్తుంచుకునే శక్తి విడివిడిగా రాసిమ్మను. ఏడాదికో, రెండేళ్ళకో మళ్ళీ చేయిస్తే తేడా తెలుస్తుంది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించారు, అది చెవిని దెబ్బతీస్తుంది గనక వినికిడి పరీక్ష తప్పనిసరి: ముందు పోయేవి సన్నని ధ్వనులు, ‘స’, ‘ష’ లాంటివి. డిక్టేషన్‌లో తప్పులకు అదీ కారణం కావచ్చు. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు వల్ల వేళ్ళలో పట్టు తగ్గుతుంది, రాత నెమ్మదిస్తుంది. రేడియేషన్ ఇచ్చారు గనక థైరాయిడ్ కూడా చూపించు.

టీచరుతో చెప్పు: మొదటి నెల ఒంటిపూటే, ముందు బల్ల, ఒకసారి ఒకే పని. బోర్డు మీద నోట్సు ఎక్కించుకోమనకుండా జిరాక్సు ఇవ్వాలి. ఇరవై లెక్కల చోట ఆరు చాలు. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయానికి వైద్య ధ్రువపత్రం కావాలి, పదో తరగతి దాకా ఆగకు.

ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టు. మధ్యలో నువ్వే జవాబు అందించకు. మొన్న ఫోన్‌లో నేను లెక్కపెట్టాను, ఏడు దగ్గర ‘పెద్దమ్మా’ అన్నాడు.

మీ పెద్దమ్మ