వైకింగుల కొమ్ములు: తల మీద కాదు, దువ్వెనలో

ప్ర: ఓటీటీలో వైకింగుల (వెయ్యేళ్ల కిందట నార్వే, డెన్మార్క్‌ల వైపు నుంచి ఓడల్లో దండెత్తిన యోధుల) సీరియల్ చూసినప్పటి నుంచి మా అబ్బాయి స్కూల్ ఎగ్జిబిషన్‌కి కొమ్ముల శిరస్త్రాణం చేస్తానని పట్టుబట్టాడు. వాళ్లు నిజంగా అవి పెట్టుకునేవారా? ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో వాళ్ల కొమ్ము దువ్వెనలు బోలెడు దొరికాయట. పోనీ అదైనా ఇంట్లో చేయించవచ్చా?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జ: శిరస్త్రాణం మాన్పించండి. కొమ్ములున్న వైకింగు శిరస్త్రాణం ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలకు దుస్తులు రూపొందించిన డోప్లర్ కొన్ని పాత్రల తలలకు కొమ్ములు తగిలించాడు. ఆ వేషమే కార్టూన్ల దాకా పాకింది.

దువ్వెన మాత్రం అసలు సిసలు వైకింగు వస్తువు. డబ్లిన్‌లో వాళ్లు 841లో స్థావరం వేశారు. 1970లలో ఆ ఊళ్లోని వుడ్ కీ దగ్గర తవ్వితే నీరు నిండిన మట్టిలో, గాలి తగలక, చెక్క గిన్నెలూ తోలు ముక్కలూ కుళ్లకుండా బయటపడ్డాయి. దువ్వెనలైతే లెక్కలేనన్ని.

మనకు గేదెదీ కొమ్మే, దుప్పిదీ కొమ్మే. కానీ గేదె కొమ్ము గోరులాంటి పదార్థం. దుప్పిది ఏటా రాలిపోయే ఎముక. డబ్లిన్ పనివాళ్లు ఎక్కువగా వాడింది ఈ రెండోదే. దానికి పీచు నిలువునా ఉంటుంది. పీచుకు అడ్డంగా పళ్లు కోస్తే పుటుక్కున విరుగుతాయి. పీచు నిలువుగా ఉండేలా కోద్దామంటే అంత వెడల్పు పలక రాదు. అందుకే చిన్న చిన్న పలకలు పక్కపక్కన పేర్చి, రెండు పొడుగు బద్దల మధ్య ఇనుప రివెట్లతో బిగించేవారు.

ఐస్‌క్రీమ్ పుల్లలతో అచ్చం ఇలాగే చేయవచ్చు. 4 సెంటీమీటర్ల ముక్కలు 10 కోసి నిలువుగా పేర్చండి. పైఅంచున ముందొకటి, వెనకొకటి పూర్తి పుల్ల ఫెవికాల్‌తో అతికి, బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. పళ్లు కోసేది ఆ తర్వాతే. ముందే కోస్తే అతికేటప్పుడు వరస తప్పుతుంది. చాకు వద్దు, చీలిక పైదాకా పాకుతుంది. హ్యాక్సా బ్లేడు వాడండి, పెద్దవాళ్లే కోయాలి. బ్లేడు గాట్లు అడ్డబద్ద అంచున పడితే చెరిపేయకండి. పాత దువ్వెనల మీదా అవే గాట్లుంటాయి. రివెట్లు బిగించాకే పళ్లు కోశారని తెలిసేది వాటివల్లే.

అసలు దుప్పి కొమ్ము కోసం మాత్రం వెతకకండి. ఒకప్పుడు విశాఖ పెట్టెల మీద దుప్పి కొమ్ము పలకలు అతికేవారు, నిజమే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇప్పుడు దాని వ్యాపారం నేరం.

ప్ర: ‘వైకింగ్స్’ సీరియల్ నార్వేలో తీశారా?
– ఓ పాఠకుడు, భీమిలి

జ: చాలా భాగం ఐర్లండ్‌లోని విక్లో కౌంటీలో. తమాషా ఏమిటంటే, డెన్మార్క్‌లోని రోస్కిల్డ్ దగ్గర నీళ్లలోంచి తీసిన దాదాపు 30 మీటర్ల వైకింగు యుద్ధనౌక కలప వలయాలు లెక్కపెడితే, అది 1042 ప్రాంతంలో డబ్లిన్‌లో కట్టిందని తేలింది. ఓక్ కలప ఆ విక్లో అడవులదే. దాని నమూనా నౌక 2007లో రోస్కిల్డ్ నుంచి డబ్లిన్‌కు సముద్రం మీదే వెళ్లింది.